పుస్తకంలో లేని మాట

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నా మీద కాగితానికెక్కిన ఫిర్యాదు ఒక్కటే. "మేడం పుస్తకం చదివేటప్పుడు మాటలు మింగుతుంది" అని. గద్వాల గ్రంథాలయం తలుపు పక్కన మేకుకు వేలాడే సూచనల పుస్తకంలో అది ఇప్పటికీ ఉండాలి. ఫ్యాను తిరగడం లేదని, మంచినీళ్లు లేవని, గ్రూప్స్ పుస్తకాలు కొత్తవి తెప్పించమని రాసిన వాటి మధ్య ఆ ఒక్క వాక్యం. నాగర్‌కర్నూల్‌లో చేరి, అచ్చంపేటలో, వనపర్తిలో పనిచేసి, చివరి కొన్నేళ్లు గద్వాలలో గడిపి రిటైరైన మనిషిని నేను. పుస్తకాలు పోగొట్టానని ఎవరూ అనలేదు. తలుపు ఆలస్యంగా తీశానని ఎవరూ అనలేదు. మాటలు మింగానన్నారు. ఆ మాట అన్న మనిషికి చదువు రాదు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "అమ్మా, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. రిజిస్టర్ల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు, అంతా కంప్యూటర్‌లోనే చేస్తున్నారు. నేను చెప్పగలిగింది ఈ ఫిర్యాదు గురించే. ఇందులో ఆయన తప్పు కొంత ఉంది, నా తప్పు అంతకంటే ఎక్కువ ఉంది.

గద్వాలలో నా బల్ల వెనక ఒక ఇనుప బీరువా ఉండేది. దాని నిండా ఒకే డిటెక్టివు కథల వరుస. అట్టలు ఊడిపోతే ఖాకీ కాగితం వేసి నేనే కుట్టాను. ఆ కథలన్నిటిలో ఒక డిటెక్టివు, అతనితో పాటు అదే ఇంట్లో ఉండే ఒక అసిస్టెంటు. మేడమీద రెండు అద్దె గదులు. టీ పెట్టేది అసిస్టెంటు, తలుపు తీసేది అసిస్టెంటు, వానలో తడుస్తూ ఎవరి వెనకనో తిరిగి కబురు తెచ్చేది అసిస్టెంటు, చివరికి ఆ కథ కూర్చుని రాసేది కూడా అతనే. డిటెక్టివు కుర్చీలోంచి లేవకుండా, "నీ బుర్రలో మట్టి తప్ప ఏమీ లేదోయ్" అంటాడు. కేసు తేలాక టోపీ పెట్టుకుని షికారుకు పోతాడు. నాకు అతనంటే ఒళ్లుమంట. ఇంట్లో నా టీ నేనే పెట్టుకునేదాన్ని కాబట్టి కావచ్చు.

ఆ బీరువాకు నమ్మకమైన పాఠకుడు ఒక్కడే. మగ్గం నేసే మనిషి, యాభై దాటినవాడు. ప్రతి శుక్రవారం ఒక పుస్తకం ఇచ్చి ఇంకోటి తీసుకునేవాడు. వరుస అయిపోతే మళ్లీ మొదటి నుంచి మొదలు.

"ఇది చదివిందే కదన్నా" అన్నాను ఒకసారి.

"అన్నకు మల్ల వినబుద్ధయిందంట మేడం" అన్నాడు.

అన్న అంటే సొంత అన్న కాదు. అతను పడుచువాడిగా ఉన్నప్పుడు పని నేర్చుకోవడానికి వెళ్లిన ఇంటి యజమాని. వెళ్లినవాడు ఇక తిరిగి రాలేదు. పెళ్లి చేసుకోలేదు. మగ్గం ఉన్న ముందు గదిలోనే పడక, ఆ ఇంట్లోనే తిండి. వాడలో ఆ ఇద్దరినీ పెద్దాయన, తమ్ముడు అనేవారు. నేనూ అలాగే అంటాను.

గద్వాల చీరకు ఒడలు, అంటే నడిమి బట్ట, నూలు; అంచు పట్టు. ఆ రెండూ వేరువేరు పోగులు కాబట్టి, నేసేటప్పుడు ప్రతి వరుసలోనూ ఒకదానికొకటి మెలిక వేసుకోవాలి. ఆ మెలికను కుట్టు అంటారు. ఒక మనిషి రెండు చేతులతో అయ్యే పని కాదది. పెద్దాయన ఒడలూ తన పక్క అంచూ చూసుకుంటే, తమ్ముడు రెండో అంచు దగ్గర కూర్చునేవాడు. మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని, పక్కపక్కనే, రోజంతా. మెలిక ఒక్కటి తప్పినా ఒడలికీ అంచుకూ మధ్య చీలిక పడుతుంది, చీర పట్టి వెలుతురుకు చూస్తే కనపడుతుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక అరగంట సేపు తమ్ముడు పుస్తకం తీసేవాడు. పెద్దాయన మగ్గానికి ఆనుకుని కళ్లు మూసుకుని వినేవాడు.

ఒక శుక్రవారం తమ్ముడు రాలేదు. తర్వాతి శుక్రవారమూ రాలేదు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పెద్దాయనే వచ్చాడు. మెట్టు తప్పి, తలుపు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. చూశాను, చూసి మరిచిపోయాను. ఇన్నేళ్లు డిటెక్టివు పుస్తకాలకు కాపలా కాసిన నాకు ఆమాత్రం ఆనవాలు తట్టలేదు చూడండి.

చేతిలో తమ్ముడు తన కార్డు మీద తీసుకెళ్లిన పుస్తకం ఉంది. సగంలో ఎర్రటి పట్టు పోగు గుర్తుగా పెట్టి ఉంది.

"ఈడిదాంక అయింది మేడం. జర మిగతాది నువ్వు చదువు" అన్నాడు.

"తమ్ముడేడి?"

"వనపర్తి పోయిండు."

అంతకంటే చెప్పలేదు. నాకూ మధ్యాహ్నాలు పెద్ద పని ఉండదు. కిటికీ దగ్గర బల్ల ముందు కూర్చోబెట్టి చదవడం మొదలుపెట్టాను. ఆ పుస్తకంలో రెండు కథలున్నాయి. మూడు రోజులకు మొదటి కథ అయిపోయింది. దొంగ దొరికాడు, డిటెక్టివు టోపీ పెట్టుకుని షికారుకు పోయాడు. నేను పుస్తకం మూశాను.

పెద్దాయన లేవలేదు. "మాట చదవలేదు" అన్నాడు.

"ఏ మాట?"

"ఆఖర్ల అంటడు గద, అసిస్టెంటు భుజం మీద చెయ్యేసి. 'మిత్రమా, నువ్వు తోడు లేకుంటే నాకు దారి కనపడేది కాదు' అని. ప్రతి కథల అంటడు."

"ఈ కథలో అనలేదు."

"అంటడు. నువ్వు మింగినవ్."

నాకు చిర్రెత్తుకొచ్చింది. పుస్తకం తిప్పి చూపించాను, చదువు రానివాడికి చూపించి ఏం లాభం? ఆయన తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయాడు. పోతూ పోతూ, హాల్లో గ్రూప్స్‌కు చదువుకునే ఒక అమ్మాయి చేత సూచనల పుస్తకంలో ఆ ముక్క రాయించాడు. మర్నాడు పొద్దున చూశాను. అన్నం తినబుద్ధి కాలేదు. నా కోపం సంగతి మా ఇంట్లోవాళ్లకు తెలుసు, మీకు తెలియదు.

మధ్యాహ్నం ఆయన రాగానే, ఫిర్యాదు రాసిన ఆ అమ్మాయినే పిలిచి పుస్తకం చేతికిచ్చాను. "అమ్మా, మొదటి కథ ఆఖరి పేజీ గట్టిగా చదువు. అందరూ వినండి" అన్నాను. పరీక్షల పిల్లలంతా తలలెత్తారు. ఆ అమ్మాయి అక్షరం పొల్లుపోకుండా చదివింది. భుజం మీద చెయ్యి లేదు, మిత్రమా లేదు. నాకు అంతటితో ఆగాలనిపించలేదు. బీరువా తెరిచి మరో నాలుగు పుస్తకాలు తెచ్చి, నాలుగింటి ఆఖరి పేజీలూ చదివించాను. ఎక్కడా లేదు.

"ఇప్పుడు చెప్పు, నేను మింగానా?" అన్నాను.

పెద్దాయన బల్ల మీది పుస్తకాలను చేత్తో తడిమాడు. "మరి అన్నేండ్లు నేను ఇన్నదేంది మేడం?" అన్నాడు. గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, నాకు అప్పటికప్పుడే సిగ్గేసింది. పదిమందిలో నేను గెలిచాను. ఆయనకు ఉన్న ఒక్క మంచి మాటను అదే పదిమందిలో లాగేశాను. పుస్తకం బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు.

తర్వాత నాలుగు రోజులు ఆ కిటికీ దగ్గరి కుర్చీ ఖాళీ. ఐదో రోజు నేనే వాళ్లింటికి పోయాను. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, దాని మీద పాత చీర కప్పి ఉంది. పెద్దాయన బయటికెళ్లాడట. ఆయన భార్య నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చింది.

"పోయిన చీరల కుట్టు తప్పింది మేడం. మాకు పట్టు ఇచ్చే షావుకారు చూసి పట్టుకున్నడు. ఎవరి వైపు అని నల్గురి ముందర అడిగితె, మా ఆయన 'తమ్మి వైపు' అన్నడంట. తమ్మి ఏమనలె. ఇంటికొచ్చిండు, అన్నం తిన్నడు, రెండు అంగీలు సంచిల పెట్టుకున్నడు, 'వదినె, పోయొస్త' అన్నడు. వనపర్తిల బట్టల దుకాణంల ఉన్నడంట."

"ఈయన ఆపలేదా?"

"ఆపనీకి నోరుండాలె గద. నా ఇంట్ల ఇద్దరు మగోళ్లు, ఇద్దరు మూగోళ్లే. ఇంకొకన్ని కూసోపెట్టుకొని చీర నేసి దించుమంటె దించడు. వాడు రాకుంటె ఈ మగ్గం ఇగ నడవదు మేడం. ఈయన గుడ నిలవడు." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ వారమే వనపర్తిలో మా గ్రంథాలయాల వాళ్ల సమావేశం పడింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర జారుకుని, వాకబు చేసుకుంటూ ఆ బట్టల దుకాణానికి వెళ్లాను. తమ్ముడు అక్కడ గిరాకీలు విప్పి పడేసిన చీరలు మడత పెడుతున్నాడు. ప్రతి చీర అంచునూ వేళ్లతో తడుముతూ మడుస్తున్నాడు, ఎవరూ అడగకపోయినా. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఆ మాట పుస్తకంలో లేదు గదన్నా" అన్నాను, కుశలం కూడా అడగకుండా.

ఏ మాట అని అడగలేదు. "లేదు మేడం" అన్నాడు తలొంచుకుని.

"మరెందుకు చదివావు?"

"మొదటి పుస్తకం ఉన్నదున్నట్టే చదివిన. అన్నకు కోపమొచ్చింది. 'గింత చాకిరి చేసినోన్ని ఒక్క మంచిమాట అనడా? గిదేం మనిషి? వాపస్ ఇచ్చెయ్, నాకొద్దు' అన్నడు. నాకేమో కథల మీద మనసు పడ్డది. మల్లనాడు, 'అన్నా, ఆఖరి పేజీలు అంటుకపోయినయి, నిన్న చూడలె' అని ఆ మాట కలిపి చదివిన. 'గట్లుండాలె మనిషంటె' అన్నడు. ఇగ అప్పటిసంది కలుపుకుంటనే వచ్చిన."

నవ్వు వచ్చింది, దాని వెనకే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. "ఆయన ఎప్పుడైనా నీతో అన్నాడా ఆ మాట?" అన్నాను.

"అన్న ఎందుకంటడు మేడం? మాకు గవన్ని అలవాటు లేదు."

"సరే. కుట్టు తప్పింది నీ వైపేనా?"

చీర మడుస్తూ, "మగ్గం మీదికెల్లి దిగినంక ఏ వైపు ఎవరు కూసున్నరో బట్ట చెప్తదా?" అన్నాడు.

"నేను బట్టను అడగడం లేదు, నిన్ను అడుగుతున్నా."

చేతిలోని చీర మడిచి పక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "అన్న వైపు. ఏడాది సంది అన్నకు కండ్లు మసకలు. ఎవ్వరికి చెప్పొద్దన్నడు. పొద్దుమూకే ముందు అన్న వైపు కుట్టు గుడ నేనే ఏలుతో తడిమి చూస్తుంటి. ఆ దినం నాకు జరం, తడిమే ఓపిక లేకపాయె. తప్పు నా మీదేసుకో అంటె ఏసుకునేటోన్నే మేడం. అడగలె. నాకు తెలుసని తెల్సి, నా మొకం చూసుకుంటనే అన్నడు."

నేను రమ్మని అడగలేదు. ఏ మొహంతో అడగను? ఆ పెద్దాయనను నేనూ అలాగే నలుగురిలో నిలబెట్టాను కదా. తిరుగు బస్సులో దారి పొడుగునా అదే ఆలోచన. అంత కాలం ఒకే గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. ఒకరు కథలోని వాడి కోసం పుస్తకమే వద్దనేంత కోపం తెచ్చుకున్నారు, పక్కనున్నవాడికి అదే మాట అనాలని తట్టలేదు. రెండోవాడు ఆ మాటను తన నోటితో తానే చదువుకుని, దాంతోనే సరిపెట్టుకున్నాడు.

మర్నాడు వాళ్లింటికి పోయి, విన్నదంతా పెద్దాయనకు చెప్పాను. నా ఊహలేమీ కలపలేదు. మొదటి పుస్తకం సంగతి దగ్గర ఆయన భార్య వైపు తిరిగి, "నేనన్ననా గట్ల?" అన్నాడు.

"అన్నవు. ఆ దినం అన్నం గుడ సగమే తిన్నవు" అంది ఆమె.

మరుసటి పొద్దున నేను తాళం తీయడానికి వెళ్లేసరికి పెద్దాయన గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గ్రూప్స్ అమ్మాయి వచ్చేదాకా ఆగి, సూచనల పుస్తకంలో మళ్లీ రాయించాడు. "మేడం ఒక్క మాట మింగలేదు, నేను తప్పు చెప్పిన" అని. కింద వేలిముద్ర వేశాడు.

"ఇదంతా ఎందుకు? నాతో చెబితే చాలు గదా" అన్నాను.

"ఏడ అన్ననో ఆడనే తీస్కోవాలె మేడం. మా దాంట్ల అదే పద్ధతి."

"అయితే ఇంకోచోట కూడా తీసుకోవాల్సింది ఉంది కదా."

"ఉంది. సోమారం షావుకారు కాడికి పోత." పోబోతూ వెనక్కి తిరిగి, "కాని వాడు ఇనాలె" అన్నాడు.

"ఫోన్ కలిపి ఇవ్వనా?"

"వద్దు. ఫోన్‌ల అంటె వానొక్కనికే ఇనపడతది. నల్గురి ముందర అన్న మాట గద."

అప్పుడు నా ఉద్యోగ జీవితంలోకెల్లా తెలివైన పని ఒకటి చేశాను. తమ్ముడికి ఫోన్ చేసి, గొంతు గట్టిగా పెట్టి, "నీ కార్డు మీద పుస్తకం ఉంది, గడువు దాటి నెలయింది. సోమవారం వచ్చి సంతకం పెట్టకపోతే కార్డు రద్దవుతుంది" అన్నాను. గడువు దాటింది నిజం. మిగతాది రూల్సులో ఎక్కడా లేదు. ఆ మనిషి ఊరొదిలాడు, ఇల్లొదిలాడు, గ్రంథాలయం కార్డు మాత్రం వదులుకోలేకపోయాడు. సోమవారం పది గంటలకల్లా బస్సు దిగి నా ముందు నిలబడ్డాడు.

"పుస్తకం షావుకారింట్లో ఉంది, పద" అన్నాను. నా మొహం చూశాడు, ఏదో అర్థమైనట్టే ఉంది. అయినా వచ్చాడు.

సోమవారం నేతగాళ్లంతా దించిన చీరలు తెచ్చే రోజు. తెల్లదుప్పటి మీద షావుకారు, ఎదురుగా ఏడెనిమిది మంది. పెద్దాయన ఒక పక్కన ఒట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. మేము గుమ్మం దగ్గరే ఆగాము.

"ఏం పెద్దాయనా, చీర తేలేదా?" అన్నాడు షావుకారు.

"చీర తేలె. ఒక మాట చెప్పనీకొచ్చిన. పోయిన చీరల కుట్టు తప్పింది నా వైపు. తమ్మి వైపు అని అబద్ధం చెప్పిన. నాకు కండ్లు మంచిగ లేవు. ఏడాది సంది నా పని గుడ వాడే చూస్తుండు."

కళ్లు కనపడటం లేదని నేతగాడు షావుకారు ముందు ఒప్పుకుంటే, రేపు ఇంటికి పట్టు రాకపోవచ్చు. అది అక్కడున్న అందరికీ తెలుసు, అందరికంటే బాగా పెద్దాయనకు తెలుసు. షావుకారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"దవాఖానకు పోయి చూపించుకో. మరి అంతదాంక నీ పని ఎవరు చూస్తరు? నేను ఎవరి మీద నమ్మకంతో ఇయ్యాలె?"

"నేనున్న గద" అన్నాడు నా పక్కనుంచి తమ్ముడు.

పెద్దాయన ఆ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. మనిషిని పోల్చుకోవడానికి రెండడుగులు ముందుకు రావలసి వచ్చింది. తమ్ముడే, "చీర మగ్గం మీదనే ఉన్నదా?" అన్నాడు.

"ఉంది. ఎవ్వన్ని ముట్టనియ్యలె."

ఇద్దరూ బయల్దేరారు. నాలుగడుగులు పోయాక తమ్ముడు వెనక్కి తిరిగి, "మేడం, నా సంతకం?" అన్నాడు. "ఎప్పుడైనా పెట్టొచ్చులే, పో" అన్నాను.

నెల తిరిగేలోపు పెద్దాయనకు కంటి ఆపరేషన్ అయింది. దవాఖానలో తోడున్నది ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. నల్లద్దాలు ఇంకా తీయకముందే కబురు పంపారు, సెలవునాడు అన్నానికి రమ్మని. జొన్నరొట్టె, పప్పు, ఎర్ర కారం. తిన్నాక నేను సంచిలోంచి ఆ పుస్తకం తీసి తమ్ముడికిచ్చాను. ఎర్ర పోగు రెండో కథ మొదట్లో పెట్టి ఉంచాను. ఇద్దరూ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. నేను, ఆయన భార్య గోడకు ఆనుకున్నాము.

తమ్ముడు బాగా చదువుతాడు. నాకంటే బాగా చదువుతాడు, ఒప్పుకుంటున్నాను. చిన్న కథే, అరగంటలో ఆఖరి పేజీకి వచ్చింది. దొంగ దొరికాడు. డిటెక్టివు టోపీ పెట్టుకున్నాడు. తమ్ముడు నా వైపు ఒకసారి చూసి, ఉన్నది ఉన్నట్టు చదివాడు. షికారుకు వెళ్లిపోయాడు, అయిపోయింది.

పెద్దాయన నల్లద్దాలతో మగ్గం వైపే చూస్తున్నాడు. "అంతేనా?" అన్నాడు.

"అంతే అన్నా. ఇంకేం లేదు."

"రాసినోనికి తెలివి లేదు తీ" అన్నాడు. తర్వాత తడుముకుంటూ చెయ్యి చాపి తమ్ముడి భుజం మీద వేశాడు. "తమ్మీ, నువ్వు లేకుంటె నాకు తొవ్వ అగపడకపోతుండె."

తమ్ముడు గబుక్కున పుస్తకంలోకి చూశాడు. పేజీ మీద వేలు పెట్టి, కిందికీ పైకీ, ఆ మాట ఎక్కడుందా అని వెతికాడు.